లండన్ పాత పబ్బులో రియల్ ఏల్ తాగబోయే ముందు జాగ్రత్తలు

సదర్క్‌లో 1677లో తిరిగి కట్టిన జార్జ్ ఇన్ వంటి పాత పబ్బుకు బయలుదేరేముందు వయసును రుజువు చేసే పత్రాన్ని వెంట ఉంచుకోవాలి. కారును మాత్రం ఇంటి దగ్గరే వదిలిపెట్టాలి.

శాకాహారులు ఒక సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. చాలా ఏల్‌లను, అంటే ఈ సంప్రదాయ బ్రిటిష్ బీర్లను, చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్‌తో తేటపరుస్తారు, ఆ విషయం గ్లాసును చూస్తే తెలియదు.

బల్ల దగ్గర కూర్చుని సర్వర్ కోసం ఎదురుచూడకుండా కౌంటరు వద్దకే వెళ్లి అడగాలి. అక్కడ ఏల్‌ను తోడే చేతిపంపు మీది పేరు బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ రకం ప్రస్తుతం లేదని అర్థం.

రియల్ ఏల్ పీపాలోనే ఈస్టుతో మరోసారి పులుస్తుంది, బయటి గ్యాసు ఎక్కించరు కనుక నేలమాళిగ చల్లదనంతో, అంటే సుమారు 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ వద్ద, మెత్తని నురగతో గ్లాసులోకి వస్తుంది. హైదరాబాదులో మంచులా చల్లబరిచిన బీరుకు అలవాటుపడినవారు దీన్ని పాడైనదని పొరబడరాదు. అయితే వెనిగర్ వాసన తగిలితే అది నిజంగానే చెడినట్టు. తెరిచిన పీపా సాధారణంగా మూడు రోజులకు మించి బాగుండదు. అటువంటప్పుడు ఒకటి రెండు గుక్కలకే ఆపి, గొంతు పెంచకుండా తిరిగి ఇస్తే మంచి పబ్బులో మరొకటి ఇస్తారు. గ్లాసు ఖాళీ చేశాక ఫిర్యాదు చేస్తే ఎవరు నమ్ముతారు?

కొత్తవారు 568 మిల్లీలీటర్ల పైంటు కన్నా అరపైంటుతో మొదలుపెట్టడం మేలు. మిత్రబృందంలో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనే ఆచారం ఉంది కాబట్టి, తాగగలిగినంతకే ఆ వంతుల్లో చేరాలి.