గడువు దాటినా పగలని బాతు గుడ్లు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంక్యుబేటర్‌లో పెట్టిన బాతు గుడ్లు గడువు దాటినా పగలకపోతే, చాలామంది ముందుగా వేడి పెంచుతారు, లేదా మూత తీసి గుడ్లను ఒక్కొక్కటిగా కదిలించి చూస్తారు. ఈ రెండూ బతికి ఉన్న పిల్లకు హాని చేసేవే. ఆలస్యానికి మూలం సాధారణంగా మొదటి 25 రోజుల్లోనే ఉంటుంది కనుక, చివరి రోజుల్లో చేయవలసింది ఏ గుడ్డు బతికి ఉందో గుర్తించడం, దానికి తగినంత సమయం ఇవ్వడం.

లక్షణం: 28 రోజులు గడిచినా ఏ గుడ్డుకూ బీట పడలేదు.

మొదట లెక్క సరిచూసుకోవాలి. గుడ్లు పెట్టిన రోజును ఒకటిగా కాక సున్నాగా లెక్కించాలి. 1వ తేదీ సాయంత్రం పెట్టిన గుడ్లకు 28 రోజులు నిండేది 29వ తేదీ సాయంత్రమే. తర్వాత జాతి. నాటు బాతు, ఖాకీ క్యాంప్‌బెల్, పెకిన్ గుడ్లకు సుమారు 28 రోజులు పడితే మస్కోవీ బాతు గుడ్లకు 33 నుంచి 35 రోజులు పడుతుంది. కోతలైన మడికట్లలో బాతుల మందను మేపుకుంటూ ఊరూరా తిరిగే వారి దగ్గర కొన్న గుడ్లయితే, అవి ఎన్ని రోజుల కిందటివో తెలియకపోవడం మరో చిక్కు. వారం దాటి నిల్వ ఉన్న గుడ్లు ఆలస్యంగా పగలడమే కాక, వాటిలో పగిలేవి కూడా తగ్గుతాయి.

లెక్క, జాతి సరిగానే ఉంటే, గుడ్లన్నీ ఒకేలా వెనకబడినప్పుడు అనుమానించవలసింది తక్కువ ఉష్ణోగ్రతనే. ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి; ఫ్యాను లేని పెట్టెలో గాలి పొరలు పొరలుగా వేడెక్కుతుంది కనుక, గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.3 నుంచి 38.9 వరకు ఉండాలి. అర డిగ్రీ తక్కువగా అన్ని రోజులూ నడిచినా పొదుగు ఆలస్యమవుతుంది. వరంగల్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల చలి, తక్కువ వోల్టేజీ, కరెంటు కోతలు కలిసినప్పుడు, బల్బుతో వేడెక్కే చిన్న పెట్టెలు ఈ లోటును పూడ్చుకోలేవు. యంత్రంపై కనిపించే అంకెను నమ్మకుండా, దాని థర్మామీటరునూ జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ ఒకే గోరువెచ్చని నీటిలో ఉంచి పోల్చి చూడాలి. తేడా ఉంటే ఆ మేరకు అమరికను మార్చుకోవాలి. అయితే జరిగిన ఆలస్యాన్ని పూడ్చే ఆశతో ఉష్ణోగ్రతను 39 దాటించకూడదు, ఎందుకంటే పిండం చలిని కొంతసేపు ఓర్చుకుంటుంది గాని అధిక వేడిని ఓర్చుకోలేదు. ఎండాకాలంలో చిక్కు తలకిందులవుతుంది: రేకుల గదిలో 40 డిగ్రీలు దాటితే, వేడి చేయడమే గాని చల్లబరచడం తెలియని యంత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు మార్చవలసింది యంత్రాన్ని కాదు, గదిని.

లక్షణం: గుడ్డు బతికి ఉందో లేదో తెలియడం లేదు.

చీకటి గదిలో గుడ్డు లావు కొన వద్ద టార్చి పెట్టి చూడాలి. బతికి ఉన్న గుడ్డులో గాలి గది (లావు కొనలో గాలి నిండిన ఖాళీ చోటు) తప్ప మిగిలినదంతా నల్లగా కనిపిస్తుంది. గాలి గది అంచు ఒక వైపుకు వాలి ఉంటుంది, లోపల ముక్కు నీడ కదలవచ్చు. రక్తనాళాలు కనిపించకుండా, తిప్పినప్పుడు లోపలి ద్రవం తొణికిసలాడుతుంటే పిండం చనిపోయినట్లే. టార్చితో తేలని గుడ్లనే, పెంకుపై ఏ చీలికా లేదని నిర్ధారించుకున్నాక, 38 డిగ్రీల నీటిలో అర నిమిషం వదలవచ్చు. అలలు అణిగాక గుడ్డు తనంతట తాను ఊగితే పిల్ల బతికి ఉంది. ఊగనంత మాత్రాన చనిపోయిందని కాదు, అది నిద్రలో ఉండవచ్చు. బీట పడిన గుడ్డును మాత్రం నీటిలో ఎట్టి పరిస్థితిలోనూ వేయరాదు. దుర్వాసన వచ్చే గుడ్డునూ, పెంకుపై జిగట చెమర్చే గుడ్డునూ వెంటనే తీసివేయాలి. అది పేలితే మిగతా గుడ్లకు సూక్ష్మజీవులు అంటుకుంటాయి.

లక్షణం: గాలి గది మరీ చిన్నగా లేదా మరీ పెద్దగా ఉంది.

పొదుగు కాలంలో గుడ్డు తేమను కోల్పోవాలి: 70 గ్రాముల గుడ్డు 25వ రోజుకు 60 నుంచి 62 గ్రాములకు దిగాలి. యంత్రంలోని గాలిలో తేమ ఎక్కువైతే గుడ్డు ఎండక గాలి గది చిన్నగా మిగులుతుంది, పిల్ల ఉబ్బి లోపలే ఊపిరాడక చనిపోతుంది. వానాకాలంలోనూ, ఎయిర్ కూలర్ నడిచే గదిలోనూ ఈ ముప్పు ఎక్కువ. తేమ తక్కువైతే పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. మొదటి 25 రోజులు 55 శాతం దరిదాపుల్లోనూ, ఆపై గుడ్లను తిప్పడం మానేసి 70 శాతం వరకూ ఉంచాలి. తేమ పెంచడానికి నీటి పరిమాణం కన్నా నీటి ఉపరితలం ముఖ్యం. లోతైన గ్లాసు కన్నా వెడల్పాటి పళ్లెం, అందులో తడి స్పాంజి మేలు.

లక్షణం: బీట పడింది గాని పిల్ల బయటకు రావడం లేదు.

ఇక్కడే ఓర్పు నశించి పిల్లలను పోగొట్టుకుంటారు. కోడి పిల్లలతో పోలిస్తే బాతు పిల్లకు బీట పడినప్పటి నుంచి బయటపడడానికి ఎక్కువ సమయం, 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో అది రక్తనాళాల్లోని రక్తాన్నీ, మిగిలిన పచ్చసొననూ లోపలికి లాక్కుంటుంది. ఈ పని పూర్తికాక ముందే పెంకు తీస్తే రక్తస్రావం జరుగుతుంది. 36 గంటలు దాటినా చీలిక పెరగక, పిల్ల అలసినట్లు కనిపిస్తే, లావు కొనవైపు పెంకులో చిన్న ముక్క మాత్రం తీసి, పొరను గోరువెచ్చని నీటితో తడపాలి. ఎర్రని నాళం కనిపించిన క్షణమే ఆపి, గుడ్డును తిరిగి యంత్రంలో ఉంచి కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడాలి. సన్న కొనవైపు బీట పడితే పిల్ల తలకిందులుగా ఉందని అర్థం. ముక్కు వద్ద రంధ్రం మూసుకుపోకుండా చూసుకుంటే వీటిలో కొన్ని తామే బయటపడతాయి.

మామూలు బాతు గుడ్లకు 31వ రోజు వరకు, మస్కోవీకి 37వ రోజు వరకు వేచి చూసి, కదలిక లేని గుడ్లను ఆరుబయట పగలగొట్టి పరిశీలించడం మంచిది. పిల్ల పూర్తిగా ఎదిగి నీటితో నిండి ఉంటే తేమ ఎక్కువైంది, పొర అంటుకుని ఎండిపోయి ఉంటే తక్కువైంది, తొలి వారంలోనే ఆగిపోయి ఉంటే గుడ్ల నిల్వలోనో తొలి రోజుల వేడిలోనో లోపముంది. వరుస విడతల్లో ఒకే లక్షణం కనిపిస్తే, తల్లి బాతుల మేత, ఆరోగ్యం గురించి మండల పశువైద్యాధికారిని గాని, మామునూరులోని పశువైద్య కళాశాలను గాని సంప్రదించాలి.