రావడం మానేసిన కుటుంబాన్ని వెదకడం, వచ్చాక కలిసి భోంచేయడం

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో కాపరికి నూరింటిలో ఒక గొర్రె తగ్గిందని ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి. అక్కడే ఇంకో కథలో, పోయిన ఒక్క నాణెం కోసం ఇల్లంతా వెదికిన స్త్రీ కూడా పది నాణేలూ లెక్కపెట్టుకునే మనిషే. మన సంఘాల్లో చాలాచోట్ల ఉండేది చందా పుస్తకం. అది డబ్బు లెక్క. క్రిస్మస్ నాడు మందిరం కిటకిటలాడితే అందరూ ఉన్నారనుకుంటాం, జనవరిలో ఎవరు తగ్గారో ఎవరికీ పట్టదు.

అందుకని ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఇంటికి ఒక పేజీ: ఇంట్లో ఎవరెవరున్నారు, ఫోన్ నంబరు, పిల్లలు ఏ ఊళ్లో చదువుతున్నారు. ఆరాధనలో పేర్లు పిలిచి హాజరు వేయొద్దు, అది బడి కాదు. పురుషుల వైపు ఒకరు, స్త్రీల వైపు ఒకరు గమనించి, ఆరాధన అయిన పది నిమిషాల్లోనే కూర్చుని గుర్తు పెట్టాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే సగం మర్చిపోతారు. సండే స్కూల్ టీచర్నీ అడగండి. పెద్దలు మానేసే ముందు చాలాసార్లు పిల్లలు రావడం ఆగుతుంది. మిరప కోతలకు వెళ్లినవాళ్లు, ఆదివారం డ్యూటీ పడ్డవాళ్లు తప్పిపోయినట్టు కాదు, వాళ్లకు వేరే రంగు ఇంకు వాడండి. మిగతావాళ్లు వరుసగా మూడు ఆదివారాలు రాకపోతే ఇంటికి వెళ్లాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల విషయంలో ఒక్క ఆదివారం చాలు. ఆరు నెలలు ఆగితే, మానేసిన కారణం కన్నా ఇన్నాళ్లు రాలేదన్న సిగ్గే పెద్దదవుతుంది.

మొదటిసారి పాస్టర్‌గారు వెళ్లకపోవడమే మంచిది. ఆయన వస్తున్నారంటే ఇల్లు సర్దుతారు, కూల్‌డ్రింక్ తెప్పిస్తారు, కానుక కవరు వెతుక్కుంటారు, అసలు సంగతి మాత్రం చెప్పరు. వాళ్లతో చనువున్న ఇద్దరు చాలు. ఇంట్లో స్త్రీ ఒక్కతే ఉంటే ఇద్దరూ స్త్రీలే వెళ్లాలి. పేచీ ఎవరితో ఉందో ఆ పెద్దమనిషిని వెంట తీసుకెళ్లొద్దు. కూలి పనులనుంచి వచ్చి స్నానాలు అయ్యాక, రాత్రి ఏడు, ఏడున్నరకు వెళ్లి అరగంటలో లేవండి.

"ఎందుకు రావట్లేదు వదినా?" అని మొదలుపెడితే "ఒంట్లో బాగోలేదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. "బాబు ఫీజు కట్టేశారా? అన్నయ్య మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?" అని అడిగి ఊరుకోండి. ప్రార్థన చిన్నది చేయండి, వాళ్లు చెప్పినదాని గురించే చేయండి. "ప్రభువా, ఈ కుటుంబాన్ని తిరిగి మందిరానికి నడిపించు" అని కళ్లు మూసుకుని ఎత్తిపొడిస్తే ఎవరికీ అర్థం కాకపోదు.

కారణాల్లో ఎక్కువగా వినిపించేవి చీటీ డబ్బులు, సంఘ కమిటీ ఎన్నికల గొడవ, తాగుడు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరూ చూడ్డానికి రాలేదన్న బాధ. డబ్బు ఎగ్గొట్టిన మనిషి ముందు వరుసలో కూర్చుని పాట అందుకుంటుంటే, మోసపోయినావిడకు క్షమించమని వాక్యం చెప్పి లాభం లేదు. ఇద్దరు పెద్దల ముందు, ఏ నెల ఎంత కట్టాలో కాగితం రాయించండి. చూడ్డానికి రాలేదన్నది నిజమైతే సాకులు చెప్పకుండా తప్పు ఒప్పుకోండి. ఆ తప్పు ఒప్పుకోవడానికి మాత్రం పాస్టర్‌గారే రావాలి. వేరే సంఘంలో స్థిరపడ్డవాళ్లను లాగొద్దు. పిల్లలు హైదరాబాద్ వెళ్తే వాళ్ల హాస్టల్ దగ్గరి సంఘానికి ఫోన్ చేసి అప్పగించండి.

క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కుల ధ్రువపత్రం పోతుందేమోనని వెనక్కి తగ్గే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లతో వాదించొద్దు. వచ్చినప్పుడు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, యూట్యూబ్ లైవ్ కెమెరా వాళ్లమీదికి తిప్పొద్దు.

విన్నది బయటికి పొక్కేది ఎక్కువగా ప్రార్థన మనవుల్లోనే. "ఫలానా అక్క ఇంట్లో శాంతి సమాధానాలు లేవు, ప్రార్థన చేయండమ్మా" అని స్త్రీల కూడికలో ఒక్కమాట అంటే ఊరంతా తెలిసినట్టే. ఆ ఇంటి తలుపు ఇక తెరుచుకోదు.

వచ్చిన ఆదివారం వాళ్లను అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పమని పిలవొద్దు. ఆ రోజే తప్పిపోయిన కుమారుని ప్రసంగం, అంటే అదే అధ్యాయంలో ఇల్లు విడిచి వెళ్లి తిరిగొచ్చిన చిన్న కొడుకు కథ, ఎత్తుకోవద్దు. ఎప్పుడూ కూర్చునే చోట చాప ఖాళీగా ఉంచి, పక్కన తెలిసినవాళ్లు కూర్చుంటే చాలు. ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలు పొందవచ్చా లేదా అన్నది శనివారమే తేల్చండి. వరుసలో నిలబడ్డాక దాటించి వెళ్తే ఆ మనిషి మళ్లీ రాడు.

విందు రెండు వారాల్లోపు పెట్టండి. కాపరీ, ఆ స్త్రీ ఇరుగుపొరుగును పిలిచారు, తండ్రి ఇంట్లో విందే చేశాడు. అయితే దాన్ని వాళ్ల ఒక్కరి పేరుమీద పెట్టొద్దు. పదో తరగతి పాసైన పిల్లలు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లు, అందరి కోసమూ కృతజ్ఞత కూడిక అనండి. 50 మందికి 7 కిలోల బియ్యం, 8 కిలోల కోడి, పప్పుచారుకు కిలోన్నర కందిపప్పు సరిపోతాయి. ఖర్చు సంఘానిదే. తిరిగొచ్చిన కుటుంబాన్ని స్తుతి కానుక అడిగితే అది విందు కాదు, జరిమానా. వాళ్ల చేతికి చారు గరిటె ఇవ్వండి, వడ్డించేవాడు చుట్టంలా ఉండిపోడు.

ఇక ఆ కథలో, తమ్ముడికి విందు చేశారని కోపగించి లోపలికి రానన్న పెద్ద కొడుకు సంగతి. ఇరవై ఏళ్లుగా శనివారం మందిరం ఊడ్చేవాళ్లు, ఒక్క ఆరాధనా తప్పనివాళ్లు, "మాకు ఏనాడైనా పులిహోరైనా పెట్టారా?" అంటారు. అందులో నిజముంది. విందుకు మూడు రోజుల ముందే పాస్టర్‌గారు వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏ పని ఎన్నేళ్లుగా చేస్తున్నారో పేరుపెట్టి చెప్పాలి, పిలవాలి. ఆ కథలో తండ్రి చిన్నవాడికోసం పరుగెత్తినట్టే పెద్దవాడికోసమూ ఇంట్లోంచి బయటికొచ్చాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. మీ దగ్గరా ఒకరిద్దరు రాకపోవచ్చు. అందుకని మొదటి పంక్తి వేయకముందే వాళ్ల వాటా క్యారియర్‌లో కట్టించి, వేడి తగ్గకుండా పాస్టర్‌గారే తీసుకెళ్లి ఇవ్వాలి. పిల్లల చేత పంపొద్దు.