ఐసీయూలో ఉన్న రోగి కల్చర్ రిపోర్టును ఎలా చదవాలి?

ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక కొత్తగా న్యుమోనియానో, మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో ఇన్ఫెక్షనో మొదలైతే దాన్ని ఆసుపత్రిలో సోకినదిగా లెక్కిస్తారు. శాంపిల్ పంపిన రెండు మూడు రోజులకు ల్యాబ్ నుంచి కల్చర్ రిపోర్టు అనే కాగితం వస్తుంది. పైన నోరు తిరగని క్రిమి పేరు, కింద పదిహేను ఇరవై మందులు, ఒక్కో మందు పక్కన ఎస్ (పనిచేయవచ్చు) అనో ఆర్ (పనిచేయకపోవచ్చు) అనో ఒక అక్షరం ఉంటాయి. చాలా కుటుంబాల్లో ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో తెలిసిన డాక్టర్లందరికీ వెళ్తుంది. ‘అన్నీ ఆర్‌లేనట’ అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. నిజానికి ఆ కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఆ అక్షరాల్లో ఉండదు, వాటి పైన ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగితే డాక్టర్‌ను ఏమి అడగాలో తెలుస్తుంది. మందు మార్చే పని మాత్రం ఎప్పుడూ డాక్టర్‌దే.

1. శాంపిల్ తీసే రోజు నుంచే గమనించండి

రక్తం, మూత్రం, కఫం, చీము వంటి వాటిలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచడం కల్చర్. పెరిగిన బ్యాక్టీరియా మీద ఒక్కో మందును పరీక్షించి చూడటం సెన్సిటివిటీ. యాంటీబయాటిక్ ఎక్కించాక శాంపిల్ తీస్తే క్రిములు చాలాసార్లు పెరగవు. రిపోర్టులో ‘పెరుగుదల లేదు’ అని వస్తుంది, జ్వరం మాత్రం తగ్గదు. ఇక ఏ మందు పనిచేస్తుందో ఊహించుకుంటూ వైద్యం చేయాల్సి వస్తుంది. అందుకే కొత్త యాంటీబయాటిక్ మొదలుపెడుతున్నారని తెలియగానే, ‘సిస్టర్, కల్చర్‌కు పంపించారా అండీ?’ అని అడగండి. ఒక్క మినహాయింపు ఉంది. బీపీ పడిపోయి రోగి షాక్‌లోకి వెళ్తే గంటలోపే మందు పడాలి. అప్పుడు శాంపిల్ కోసం మందు ఆపమని పట్టుబట్టవద్దు.

రక్తం మరీ ఎక్కువ లాగేస్తున్నారని గొడవపడటం తరచూ జరిగేదే. పెద్దవారికి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పోయాలి, అదీ రెండు వేర్వేరు చోట్ల గుచ్చి తీయాలి. రక్తంలో క్రిములు చాలా పలుచగా ఉంటాయి కనుక తక్కువ తీస్తే దొరకకుండా పోతాయి. మూత్రం శాంపిల్‌ను కేథటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) సంచిలోంచి పట్టకూడదు, గొట్టానికి ఉండే ప్రత్యేకమైన చోటును శుభ్రం చేసి సిరంజితో తీయాలి. సంచిలో గంటల తరబడి నిలిచిన మూత్రంలో ఏదైనా పెరుగుతుంది.

2. పై వరుసలు చూడండి

శాంపిల్ ఏమిటి, ఎప్పుడు తీశారు, ఇది తొలి రిపోర్టా తుది రిపోర్టా అన్నవి అక్కడే ఉంటాయి. మామూలుగా క్రిమి పెరిగిందీ లేనిదీ ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది, సెన్సిటివిటీకి మరో రోజు పడుతుంది. రక్తం సీసాలను సాధారణంగా ఐదు రోజులు ఉంచి చూస్తారు. కాబట్టి రెండో రోజు వచ్చిన ‘ఇంతవరకు పెరుగుదల లేదు’ అన్న కాగితం చివరి మాట కాదు. శాంపిల్ తేదీ వారం కిందటిదైతే, ఈ రోజు జ్వరానికి ఆ రిపోర్టు సమాధానం చెప్పలేకపోవచ్చు.

3. ఆ క్రిమే జబ్బుకు కారణమా?

మన ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్స్ ఎక్కువగా వృథా అయ్యేది ఈ ప్రశ్న వేయకపోవడం వల్లేనని నా అభిప్రాయం. క్రిమి కనిపించడం వేరు, జబ్బు చేయడం వేరు.

వెంటిలేటర్ మీద వారం రోజులుగా ఉన్న రోగి గొంతు గొట్టంలోంచి తీసిన కఫంలో అసినెటోబ్యాక్టర్ పెరిగిందనుకోండి. ఈ క్రిమి పొడి ఉపరితలాల మీద కూడా వారాల తరబడి బతుకుతుంది. మంచం కడ్డీ, మానిటర్ బటన్, కర్టెన్, దేన్నీ వదలదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘా వ్యవస్థ ఇటీవలి నివేదికలు చూస్తే, పరీక్షించిన అసినెటోబ్యాక్టర్‌లలో పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెమ్ తరగతికి చెందిన బలమైన యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదు. అంటే రిపోర్టు నిండా ఆర్‌లే కనిపిస్తాయి. అయినా రోగికి కొత్తగా జ్వరం లేదు, ఆక్సిజన్ అవసరం పెరగలేదు, ఎక్స్‌రేలో కొత్త మచ్చ లేదు అంటే ఆ క్రిమి గొట్టంలో ఊరికే మకాం వేసి ఉండవచ్చు. అలాంటప్పుడు కిడ్నీలను దెబ్బతీసే బలమైన మందు ఎక్కించడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

మూత్రం సంగతీ అంతే. నెల రోజులు కేథటర్ ఉంటే దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ లక్షణాలేవీ లేకపోతే సాధారణంగా దానికి చికిత్స అవసరం లేదు. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయబోయే వారికీ లెక్క వేరు.

రక్తం రెండు చోట్ల ఎందుకు తీస్తారో ఇక్కడ తెలుస్తుంది. కోగ్యులేస్ నెగటివ్ స్టఫైలోకాకస్ అందరి చర్మం మీదా ఉండేదే. ఒక చోట తీసిన రక్తంలోనే అది పెరిగి, రెండో చోటు రక్తంలో పెరగకపోతే సూది గుచ్చేటప్పుడు చర్మం నుంచి చేరిందని అనుమానిస్తారు. అదే స్టఫైలోకాకస్ ఆరియస్ ఒక్క సీసాలో కనిపించినా తేలిగ్గా తీసుకోరు. పేర్లు దగ్గరగా ఉన్నా రెంటికీ చాలా తేడా ఉంది.

4. ఇప్పుడు అక్షరాల దగ్గరికి రండి

ఎస్ అంటే మామూలు మోతాదులో మందు పనిచేయవచ్చు, ఆర్ అంటే పనిచేయకపోవచ్చు, ఐ అంటే మధ్యస్థం. ఒక నమూనా చూద్దాం:

శాంపిల్: రక్తం. క్రిమి: క్లెబ్సియెల్లా న్యుమోనియే.
యాంపిసిలిన్: ఆర్
సెఫ్ట్రియాక్సోన్: ఆర్
మెరోపెనెమ్: 4, ఆర్
అమికాసిన్: 4, ఎస్
కొలిస్టిన్: 0.5, ఐ

మొదటి ఆర్ చూసి భయపడనక్కర్లేదు. క్లెబ్సియెల్లాకు యాంపిసిలిన్ పుట్టుకతోనే పనిచేయదు, ఈ రోగిలో కొత్తగా వచ్చిన మొండితనం కాదది. ఆర్‌లను లెక్కపెట్టి జబ్బు తీవ్రతను అంచనా వేయకూడదని అందుకే అంటారు. అసలు గుబులు పుట్టించాల్సింది మెరోపెనెమ్ పక్కన ఉన్న ఆర్.

అంకెల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. క్రిమి పెరుగుదలను ఆపడానికి ఎంత మందు కావాలో ఆ అంకె చెబుతుంది, దాన్ని ఎంఐసీ అంటారు. తక్కువ అంకె ఉన్న మందే గొప్పదని చాలామంది అనుకుంటారు. పై నమూనాలో రెండు మందులకూ 4 అనే ఉంది, ఒకటి ఆర్, ఇంకొకటి ఎస్. ఎస్, ఆర్‌లను విడదీసే గీత ప్రతి మందుకూ వేరు, ఆ మందు రక్తంలో ఎంత మోతాదులో చేరగలదో దాన్నిబట్టి గీస్తారు. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకండి.

కొలిస్టిన్ పక్కన ఎస్ ఎప్పటికీ కనిపించకపోవచ్చు. చాలా ల్యాబ్‌లు అనుసరించే సీఎల్ఎస్ఐ (అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు 2020లో ఆ మందుకు ఎస్ అన్న విభాగాన్నే తీసేశాయి. కిడ్నీలకు హాని చేస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టిన పాత మందు ఇది, వేరే దారి లేక మళ్లీ బయటికి తీశారు. (కోళ్లు, పశువుల పెంపకంలో దీని వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది. అంతవరకు దాణాలో కలిపేవారంటే నమ్మబుద్ధి కాదు.)

ఎస్ అని ఉన్నంత మాత్రాన ఆ మందు రోగం ఉన్న చోటికి చేరుతుందని కాదు. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయంలో పనిచేస్తుంది, రక్తంలోని ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు. డాప్టోమైసిన్ ఊపిరితిత్తుల్లో పనిచేయదు. ‘ఎస్ ఉన్న మందు ఎందుకు ఇవ్వడం లేదు?’ అని డాక్టర్‌తో వాదనకు దిగే ముందు ఇది గుర్తుంచుకోండి.

5. రౌండ్స్‌లో అడగాల్సినవి

పొద్దున డాక్టర్ మంచం దగ్గర ఉండేది కొద్దిసేపే. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోండి. ‘డాక్టర్ గారూ, ఈ క్రిమి వల్లే జ్వరం అంటారా? రిపోర్టు వచ్చింది కదా, ఇప్పుడిస్తున్న వాటిలో ఏదైనా తగ్గించవచ్చా? ఎన్ని రోజులు ఇస్తారు?’ ఈ మూడూ చాలు. మొదట గుడ్డిగా రెండు మూడు బలమైన మందులు మొదలుపెట్టడం తప్పు కాదు. రిపోర్టు వచ్చాక కూడా అవన్నీ అలాగే నడుస్తుంటే అడగడం మీ హక్కు. రోజులు ఎక్కువైతే మంచిదన్న నమ్మకం కూడా సరికాదు. ఆసుపత్రిలో సోకిన న్యుమోనియాకు చాలామందిలో ఏడు రోజులు సరిపోతాయని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొలిస్టిన్, అమికాసిన్ నడుస్తుంటే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉందో కూడా అడగండి.

మెరోపెనెమ్‌కు ఆర్ వస్తే ఇంకో ప్రశ్న చేర్చండి: ‘ఏ ఎంజైమ్ వల్లో పరీక్ష చేయించారా?’ మందును విరగ్గొట్టడానికి క్రిమి తయారుచేసుకునే ఎన్‌డీఎం, ఆక్సా-48 వంటి ఎంజైమ్‌ల జన్యువులను పీసీఆర్‌తో గంటల్లోనే పట్టుకోవచ్చు. దీనివల్ల మందు మారుతుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఆక్సా-48 ఉన్న క్రిమి మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం ఉంటే ఒంటరిగా పనిచేయదు, దానికి అజ్‌ట్రియోనామ్ జత కావాలి. ఒక్కో రోజుకు వేలు పోసి కొనే ముందు ఈ సంగతి తేలడం మంచిది. ఆసుపత్రిలో సంక్రమణ వ్యాధుల నిపుణులు ఉంటే ఒకసారి చూడమని కోరండి.

6. గొట్టాలు, చేతులు

‘కేథటర్ ఇంకా అవసరమేనా?’ అని రోజూ అడగండి. మూత్రపు సంచి మూత్రాశయం కన్నా కిందికి ఉండాలి, నేలను తాకకూడదు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే చిన్న గొట్టం) చుట్టూ ఎర్రబడినా, నొప్పి ఉన్నా వెంటనే చెప్పండి. రోగిని తాకే ముందూ, తాకిన తర్వాతా శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోండి, విరేచనాలు అవుతుంటే సబ్బూ నీళ్లే వాడండి. పక్క మంచం రోగికి సాయం చేయాలనిపించడం మన మంచితనమే గాని, అదే చేతులతో వెళ్లవద్దు, నర్సును పిలవండి. రోగిని విడిగా గదిలో ఉంచి, గౌను వేసుకుని రమ్మంటే అవమానంగా భావించకండి.

7. డిశ్చార్జి రోజున

కల్చర్ రిపోర్టులన్నీ, తుది రిపోర్టులతో సహా అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీలో ‘బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చాం’ అని మాత్రమే ఉంటే, మందుల పేర్లూ ఎన్ని రోజులిచ్చారో కూడా రాయించుకోండి. మొండి బ్యాక్టీరియా కొందరి పేగుల్లో నెలల తరబడి ఉండిపోతుంది, జబ్బేమీ చేయకపోవచ్చు. ఇంట్లో వేరే కంచం, వేరే గది అక్కర్లేదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక రోగీ, డైపర్లు మార్చాక సేవ చేసేవారూ సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మళ్లీ జ్వరం వస్తే పాత రిపోర్టులో ఎస్ ఉన్న మాత్రను మందుల షాపులో కొని వేయవద్దు. బలమైన యాంటీబయాటిక్స్ చాలావాటిని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో చేర్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా చేర్చుకునేటప్పుడే పాత రిపోర్టు చూపించి, ‘పోయినసారి ఈ క్రిమి వచ్చిందండీ’ అని చెప్పండి. మొదటి డోసు ఎంచుకునేటప్పుడు అక్కడి డాక్టర్‌కు అది పనికొస్తుంది.