ఇంటిపనికి మనిషిని పెట్టుకుంటే – 3వ పాఠం: పదమూడు నెలల లెక్క

పోయిన పాఠంలో పనుల చిట్టా రాయమన్నాను, రాశారనే అనుకుంటున్నా. ఇవాళ డబ్బు, సెలవులు. ఒక నోట్‌బుక్కు, పక్కన గోడ మీది తెలుగు క్యాలెండర్ ఉంటే చాలు.

జీతం నెలకి 4,000 అనుకుందాం, ఉదాహరణకే. పన్నెండు నెలలకి 48,000. చాలా ఇళ్ళలో లెక్క ఇక్కడే ఆగిపోతుంది, అందుకే పండగ ముందు ఆవిడ నోరు తెరిచి అడిగితే మనకి టెన్షన్. పదమూడో నెల కూడా కలపండి: పండగ బోనస్, మొత్తం 52,000. చీర ఇస్తే ఇవ్వండి, కానీ దాన్ని బోనస్‌లో కొయ్యకండి. ఇంకో నెల జీతమంత సొమ్ము విడిగా ఉంచితే, ఆవిడ లేని రోజుల్లో బదులు వచ్చేవాళ్ళకి ఇవ్వడానికి పనికొస్తుంది.

ఇప్పుడు క్యాలెండర్. విశాఖలో ఇంటిపనికి వచ్చేవాళ్ళలో చాలామందికి సొంతూరు శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో ఉంటుంది. సంక్రాంతికి వెళ్తారు. దసరా అయ్యాక మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను, దానికీ వెళ్ళొచ్చు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి మర్నాడు పొద్దున్నే మన గిన్నెలు తోమాలని ఎలా అనుకుంటాం? మొదటి ఏడాది నేను అలాగే అనుకున్నాను, మొహం మాడ్చుకున్నాను, పైగా సంక్రాంతికి ఆవిడ రాని మూడు రోజుల జీతమూ కోశాను. ఆవిడ ఏమీ అనలేదు, "సరేనమ్మా" అంది అంతే. పండగ ఏటా వస్తుందని తెలిసీ సెలవు గురించి ముందే మాట్లాడుకోకపోవడం నా తప్పు, డబ్బు పోయింది ఆవిడకి.

కాబట్టి ఉగాదికి ఇద్దరూ కూర్చుని, మీకు ఏ రోజులు కావాలో చెప్పమని అడిగి, క్యాలెండర్‌లో గుండ్రాలు చుట్టండి. తుపాను రోజులు మాత్రం ముందే చుట్టలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది, హెచ్చరిక రాగానే మీరే ఫోన్ చేసి రావద్దని చెప్పండి, ఆ రోజు జీతం ముట్టుకోకండి.

అన్నట్టు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ బస్సు ఉచితం కదా అని ఇదివరకు ఇచ్చే చార్జీ ఆపేద్దామని చూడకండి. ఆ వెసులుబాటు ప్రభుత్వం ఆవిడకి ఇచ్చింది, మీకు కాదు.

బీమా సంగతి చిన్నదే. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు. శ్రమయోగి మాన్‌ధన్ అనే కేంద్ర పింఛను పథకంలో 29 ఏళ్ళకి చేరితే నెలకి 100, కేంద్రం ఇంకో 100 కలుపుతుంది, అరవై దాటాక నెలకి 3,000 పింఛను. నలభై దాటితే చేర్చుకోరు, అందుకే వయసు ఇప్పుడే అడగండి. ఆ వంద మీరు కట్టండి, జీతంలోంచి కాదు.

ఈ వారం పని: మీ పదమూడు నెలల మొత్తం వేసి, పన్నెండుతో భాగించి, వచ్చినంత ప్రతి నెలా ఒకటో తారీఖున విడిగా తీసిపెట్టండి. అడ్వాన్సు అడిగినప్పుడు ఎంత ఇవ్వాలి, నెలకి ఎంత పట్టుకోవాలి అన్నది నాలుగో పాఠంలో.