జింక ఎముకలను బట్టి వేట కాలాన్ని, తీరును గుర్తించే విధానం

తవ్వకంలో దొరికిన జింక ఎముకలను బట్టి ఆనాటి మనుషులు ఏ రుతువులో, ఏ విధంగా వేటాడారో తేల్చదలచినవారు మొదట కొమ్ములను విడదీసి పక్కన పెట్టాలి. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, సుమారు 11,000 ఏళ్ళ నాటి స్టార్ కార్ స్థలం విషయంలో నడిచిన వాదమే ఇందుకు కారణం.

మగ ఎర్రజింకల కొమ్ములు ఏటా వసంతారంభంలో రాలి, వేసవిలో తిరిగి పెరుగుతాయి. రాలిన కొమ్ము అడుగు నున్నగా ఉబ్బి ఉంటుంది. చంపిన జంతువు కొమ్మును పుర్రె ముక్క అంటిపెట్టుకుని ఉంటుంది. 1949–51 మధ్య అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త గ్రాహమ్ క్లార్క్, పుర్రెతో ఉన్న కొమ్ములను ఆధారం చేసుకుని అది చలికాలపు విడిది అని భావించారు. అయితే ఆ ప్రజలు కొమ్ముతో ముళ్ళ మొనలు చెక్కుకునేవారు. పనిముట్టుకు కావలసిన సరుకును ఎక్కడినుంచైనా తెచ్చి దాచుకోవచ్చు కదా; కాబట్టి కొమ్ములను బట్టి రుతువును తేల్చలేము. (మన చుక్కల దుప్పులలో మగవన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాల్చవు గనుక, ఇక్కడి ఎముకలకు ఈ లెక్కను యథాతథంగా వాడకూడదు.)

కాలనిర్ణయానికి కింది దవడలే నమ్మదగినవి. పిల్లలు పుట్టే నెలలు తెలిసిన జాతిలో, ఏ పాలపన్ను ఇంకా ఉంది, ఏ శాశ్వత దంతం ఎంతవరకు పైకి వచ్చింది అన్నది చూసి చనిపోయేనాటి వయసును, దానినుంచి రుతువును లెక్కించవచ్చు. పరిశోధకులు లెగ్, రౌలీ-కాన్వీ ఈ పద్ధతిలోనే స్టార్ కార్‌లో దొరికిన రో జింకల (ఐరోపాలోని ఒక చిన్న జింక జాతి) దవడలను పరిశీలించి, 1988లో వేసవి వేట వైపు మొగ్గారు. తరువాత దవడలకు ఎక్స్-రే తీసి, ఎముక లోపల తయారవుతున్న దంతాలను చూసినప్పుడు చలికాలపు వేట జాడలు కూడా కనిపించాయి. కాబట్టి పైకి కనిపించే పళ్ళతో ఆగక, వీలైనచోట ఎక్స్-రే తప్పక తీయించాలి.

తరువాత ఎముకల ఉపరితలాన్ని ఏటవాలు వెలుగులో భూతద్దంతో చూడాలి. రాతి కత్తి గాట్లు సన్నగా, లోతుగా, ఎక్కువగా కీళ్ళ దగ్గర ఉంటాయి. మృగాలు కొరికిన గుర్తులు వెడల్పుగా, ఎముక కొసల వద్ద ఉంటాయి. రెండూ ఒకదానిపై ఒకటి పడితే, ఏది కింద ఉందో చూసి ముందు ఎవరి చేతికి చిక్కిందో చెప్పవచ్చు.

వేటకు అన్నిటికన్నా సూటి సాక్ష్యం గాయాలు. భుజపు రెక్క ఎముకలో రంధ్రం ఉంటే దాని అంచులను పరీక్షించాలి: అంచు చుట్టూ కొత్త ఎముక పెరిగితే, ఆ జంతువు ఒకసారి దెబ్బతిని తప్పించుకుందని అర్థం. స్టార్ కార్‌లో అటువంటి మానిన గాయాలను గుర్తించారు. జర్మనీలోని హాంబర్గ్ దగ్గరి స్టెల్‌మోర్‌లో 1930లలో పురావస్తు పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ రస్ట్ తవ్వగా బయటపడిన రెయిన్‌డీర్ ఎముకలలో కొన్నిటిలో చెకుముకి మొనలు ఇరుక్కునే ఉన్నాయి. పైన్ కర్రతో చేసిన బాణాలు కూడా అక్కడే దొరికాయి గనుక, ఆయుధం ఏదని ఊహించవలసిన పని లేకపోయింది.