ప్రశాంతమైన ఆటలో చేప ఒక్కటే చిక్కట్లేదా? ఇలా పట్టి చూడండి

మదనపల్లె మార్కెట్‌లో టమాటా రేటు ఎప్పుడు పడిపోతుందోనన్న దిగులు లేని సేద్యం స్టార్‌డ్యూ వ్యాలీలో దొరుకుతుంది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసి 2016లో వదిలిన వీడియో గేమ్ ఇది. మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ, కోళ్ళకి మేత వేసుకుంటూ ఎంతసేపైనా గడిపేయొచ్చు. రెండో రోజు విల్లీ అనే జాలరి పిలిచి వెదురు గాలం చేతిలో పెడతాడు. అక్కడితో ఆ సుఖం అయిపోతుంది.

తిరుపతిలో నాకు తెలిసిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడి మాట ఇది: "అన్నా, చేప తగల్తాది, పోతాది. మళ్ళా తగల్తాది, మళ్ళా పోతాది. ఇది రెస్టు కోసం ఆడేదా, ఎంసెట్టా?"

చేప పోతే మీ వేళ్ళని తిట్టుకోకండి. గాలానికి చేప తగిలాక తెర మీద ఒక ఆకుపచ్చ పట్టీ వస్తుంది, పైకీ కిందికీ కదిలే చేపని అందులోనే ఉంచాలి. ఆ పట్టీ చేపల వేటలో మీ లెవల్‌ని బట్టి పెరుగుతుంది. అంటే ఏమీ రాని రోజున అన్నిటికంటే చిన్న పట్టీ, చెయ్యి తిరిగాక పెద్ద పట్టీ. నా లెక్కన ఇది తిరగేసి పెట్టిన వ్యవహారం. కాబట్టి మొదటి కొన్ని లెవల్స్ ఎలాగోలా దాటేయడమే అసలు పని.

1. ముందు టీవీ సంగతి చూడండి

హాల్లో పెద్ద టీవీకి తగిలించి ఆడుతున్నారా? బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది. మీరు బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద పట్టీ కదలదు. కోళ్ళకి మేత వేసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, చేప దగ్గర కొంప ముంచుతుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. సీరియల్ టైముకి ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ మార్చేస్తారు, అది వేరే సంగతి.

2. వెదురు గాలం పక్కన పెట్టండి

విల్లీ దుకాణంలోనే ట్రైనింగ్ రాడ్ ఉంటుంది. ధర ఆటలోని డబ్బుల్లో 25. చాలామంది దీన్ని పిల్లల బొమ్మ అనుకుని వదిలేస్తారు. దీంతో వేస్తే మీరు ఐదో లెవల్‌కి కింద ఎక్కడున్నా ఐదో లెవల్ వాళ్ళకుండే పట్టీ వస్తుంది. కష్టమైన చేపలు అసలు తగలవు. పట్టిన చేపకి నాణ్యత చూపే వెండి, బంగారు నక్షత్రాలు రావు, కాబట్టి అమ్మితే తక్కువే వస్తుంది. రానీండి. ఇప్పుడు మనకి కావాల్సింది లెవల్, డబ్బులు కాదు.

3. సముద్రం వదిలి చెరువుకి పోండి

దుకాణం బీచిలో ఉంది కదా అని అందరూ అక్కడే మొదలుపెడతారు. వసంతంలో అక్కడ దొరికే సార్డీన్, ఆంకోవీ, హెర్రింగ్ మూడూ ఉన్నట్టుండి ఎగిరి దూకే రకాలు. ఊరికి ఉత్తరాన గని దగ్గర కొండ చెరువుంది, అక్కడికి పోండి. అక్కడి కార్ప్ ఆట మొత్తంలోనే మెతక చేపల్లో ఒకటి. నీళ్ళలో బుడగలు కనిపిస్తే గాలం అందులోకే వేయండి, చేప త్వరగా తగులుతుంది.

4. నొక్కి పట్టుకోవద్దు, తడుతూ ఉండండి

అసలు కిటుకు ఇక్కడుంది. బటన్ నొక్కి పట్టుకున్న కొద్దీ పట్టీ వేగం పుంజుకుంటూ పైకి పోతుంది, వదిలితే అదే తీరున కిందికి జారుతుంది. చేప పైకి పోయిందని గట్టిగా పట్టుకుంటే పట్టీ దాన్ని దాటేస్తుంది. కంగారుపడి వదిలేస్తే దబ్బున కింద పడి, అడుగున తగిలి బంతిలా ఎగురుతుంది. చేప జారిపోయేది ఎక్కువగా ఈ ఎగురుడులోనే.

చిన్నచిన్నగా టక్ టక్‌మని తడుతూ ఉంటే పట్టీ దాదాపు ఒకే చోట నిలబడుతుంది. ముందు ఆ నిలబెట్టడం అలవాటు చేసుకోండి, చేప పోయినా పర్వాలేదు. కిందికి జారుతున్నప్పుడు అడుగు తగలబోయే ముందు ఒక్కసారి తడితే ఎగరదు. పట్టీ పక్కన ఒక గీత ఉంటుంది, చేప పట్టీలో ఉన్నంతసేపు నిండుతుంది, బయటికి పోతే తగ్గుతుంది. చేప కాసేపు బయటికి పోయినా అది ఒక్కసారిగా ఖాళీ అవదు. చేప వెంట పరిగెత్తే బదులు తిరిగొచ్చే దారిలో కాచుకోండి.

మధ్యలో నిధి పెట్టె కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు. గీత దాదాపు నిండాక చూసుకోవచ్చు.

5. లెవల్ పెరిగాక సామాను మార్చండి

రెండో లెవల్‌లో 1800 పెట్టి ఫైబర్‌గ్లాస్ రాడ్ కొంటే ఎర తగిలించుకోవచ్చు, ఎదురుచూపు తగ్గుతుంది. ఆరో లెవల్‌లో 7500కి ఇరిడియం రాడ్ వస్తుంది. దీనికి బాబర్లు, అంటే వేటని తేలిక చేసే చిన్న సామాన్లు, కూడా పెట్టుకోవచ్చు. ట్రాప్ బాబర్ పెడితే చేప బయటికి పోయినప్పుడు గీత నిదానంగా తగ్గుతుంది, కార్క్ బాబర్ పెడితే పట్టీ పెద్దదవుతుంది. నన్నడిగితే ట్రాప్ బాబరే ముందు.

యానిమల్ క్రాసింగ్ ఆడేవాళ్ళకి

ఈ సిరీస్‌లో 2020లో వచ్చిన న్యూ హొరైజన్స్ ఆటలో పట్టీ గొడవ లేదు, ఓపిక పరీక్షే. రాయలచెరువు కట్ట మీద గాలం వేసుకుని కూర్చునేవాళ్ళని చూడండి. బెండు కొంచెం కదలగానే పక్కనున్న పిల్లోడు కర్ర లాగబోతాడు. "ఉండ్రా అబ్బోడా, అది రుచి చూస్తాండాది, బెండు మునగనీ" అంటాడు పెద్దాయన. ఈ ఆటలోనూ అంతే. చేప ఊరికే మూతి తగిలించి పోతుంటుంది. ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు అలా చేస్తుంది, ఐదోసారి కచ్చితంగా మింగుతుంది. బెండు మునిగినప్పుడు బుడుంగుమని గట్టి శబ్దం వస్తుంది, అప్పుడే నొక్కాలి. కళ్ళు మూసుకుని చెవితో ఆడితే చాలామందికి ఇంకా బాగా కుదురుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మాత్రం శబ్దం ఆలస్యంగా రావచ్చు, వైరు ఉన్నవి పెట్టుకోండి. గాలం చేప నీడ తలకి ఎదురుగా పడాలి, తోక వైపు పడితే అది పట్టించుకోదు.

ఇవన్నీ చేసినా విసుగే వస్తుంటే

స్టార్‌డ్యూలో గాలం పట్టకుండానూ నడుస్తుంది. మూడో లెవల్ దాకా కార్ప్‌తో నెట్టుకొస్తే పీత బుట్టల తయారీ తెలుస్తుంది. ఎర వేసి నీళ్ళలో పెట్టి, మర్నాడు పోయి తీసుకోవడమే. అందులోంచీ కొంత అనుభవం కలుస్తుంది. ఊళ్ళో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ని బాగుచేయడానికి ఇవ్వాల్సిన వాటిలో ఒక్క చేప తక్కువైతే శుక్ర, ఆదివారాల్లో అడవిలోకి వచ్చే బండి దగ్గర చూడండి, అదృష్టముంటే అమ్మకానికి ఉంటుంది. కంప్యూటర్‌లో ఆడేవాళ్ళకి చేపల వేటని తేలిక చేసే మాడ్‌లు (ఆటని మార్చేందుకు ఆటగాళ్ళే తయారుచేసిన చిన్న ప్రోగ్రాములు) కూడా ఉన్నాయి. పెట్టుకునే ముందు సేవ్ ఫైల్ ఒక కాపీ తీసి వేరేచోట దాచుకోండి.