ఎండలు ముదరకముందే గ్యాస్ డిటెక్టర్ల చోటు చూసుకోండి

తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీ షెడ్లలో, గ్యాస్ లీకైతే మోగే డిటెక్టర్ ఎక్కడుందని వెతికితే, చాలాచోట్ల కరెంటు బోర్డు పక్కనే, మనిషి తల ఎత్తులో కనిపిస్తుంది. ఎందుకక్కడ అంటే "కేబుల్ ఈడ దాకే వస్తాది సార్" అంటారు. కేబుల్ అందే చోటుకే గ్యాస్ వచ్చి నిలబడదు కదా.

ముందు మీ షెడ్డులో ఉన్నది ఏ గ్యాసో తేల్చుకోండి. కటింగ్‌కీ క్యాంటీన్‌కీ వాడే ఎల్‌పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేలబారున పాకుతుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే దాని డిటెక్టర్ నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్‌లో ఎక్కువభాగం మీథేన్, అది పైకి పోతుంది. సిలిండర్లు తీసేసి పైపు లైనుకు మారినవాళ్లు కింది డిటెక్టర్‌ను అక్కడే వదిలేస్తుంటారు. దాన్ని పైకప్పు దగ్గరికి మార్చి, మీథేన్‌కు మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని రీడింగు ఆ గ్యాస్‌కు సరిచేయించాలి. బ్యాటరీలు చార్జింగ్ పెట్టే గదిలో పుట్టే హైడ్రోజన్ కూడా పైకే పోతుంది. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గ్యాస్‌ను పట్టే రకం పెడితే దండగ, హైడ్రోజన్‌ను అది పట్టలేదు.

తర్వాత రెగ్యులేటర్లు, వాల్వులు, హోస్ జాయింట్ల నుంచి మొదలుపెట్టి పల్లం ఎటుందో చూస్తూ నడవండి. మన దగ్గర కేబుల్ ట్రెంచి (కేబుళ్లు పోయే కాలువ) మీద కడప బండలు పరుస్తారు. బండకూ బండకూ మధ్య వేలు దూరే సందు ఉంటుంది. ఎల్‌పీజీ అందులోకి దిగి, ట్రెంచి వెంబడే పోయి కరెంటు ప్యానెల్ గదిలో తేలుతుంది. అక్కడ కాంటాక్టర్లు (మోటార్లను ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు) టకటకా కొట్టుకుంటూ నిప్పురవ్వలు పుట్టిస్తూనే ఉంటాయి. సిలిండర్ల దగ్గర ఒకటి పెట్టాక ఇంకొక్కదానికే డబ్బుంటే, నేనైతే ట్రెంచి ఆ గదిలోకి వెళ్లే నోటి దగ్గరే పెడతాను. ఆ నోటిని ఇసుకతో పూడ్చడం ఎలాగూ చేయాల్సిన పనే.

వేసవిలో కూలర్లు, పెడస్టల్ ఫ్యాన్లు వచ్చి గాలి దారిని మార్చేస్తాయి. కూలర్ ఎదురుగా ఉన్న డిటెక్టర్ పక్కనే లీకున్నా సున్నా చూపించవచ్చు. అవన్నీ ఆన్ చేసి, ఒక దారప్పోగు పట్టుకుని గాలి ఎటు లాగుతోందో చూడండి. దయచేసి అగరుబత్తి మాత్రం వెలిగించకండి. ఆరుబయట సిలిండర్లుంటే, జూన్ నుంచి అనంతపురంలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి తూర్పు వైపునా ఒకటి ఉండాలి. పడమటెండ నేరుగా పడకుండా నీడ కట్టండి.

గ్రానైట్ పాలిషింగ్ చోట బురదనీళ్లు చిమ్మి సెన్సర్ జాలీ మూసుకుపోతుంది. సెన్సర్ ముఖం కిందికి తిప్పి, చిందులు పడకుండా గార్డు బిగించండి. గ్యాస్‌ను లోపల కాల్చి పసిగట్టే క్యాటలిటిక్ సెన్సర్ దగ్గర సిలికాన్ స్ప్రే కొట్టారంటే అది చచ్చినట్టే, పైకి మాత్రం లైటు వెలుగుతూనే ఉంటుంది. లైటర్ గ్యాస్ వదిలి పరీక్షించడమూ దాన్ని పాడుచేస్తుంది. పరీక్ష కోసమే కొలిచి నింపిన టెస్ట్ గ్యాస్ సిలిండర్ తెప్పించుకోండి.

ఫర్నేసులున్నవాళ్లకు ఇంకో సంగతి. 2018 జూలైలో తాడిపత్రి దగ్గర ఉక్కు కర్మాగారంలో ఆరుగురు చనిపోయింది కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) పీల్చి. ఈ గ్యాస్ మండాలంటే గాలిలో 12.5 శాతం ఉండాలి. మండే గ్యాస్‌ను పట్టడానికి పెట్టిన డిటెక్టర్ అందులో పదో వంతుకు మోగినా అప్పటికి 12,500 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 12,500 భాగాలు), మనిషి కొద్ది నిమిషాల్లో పోతాడు. దానికి పీపీఎంలో చూపే సీఓ మీటర్ వేరుగా, ముక్కు ఎత్తులో పెట్టాలి. ఫర్నేస్ వైపు వెళ్లేవాళ్ల చొక్కాకూ ఒకటి తగిలించాలి.